బెడ్ లైట్ కింద నిలిచే రంగులు: ఇంటి కథల బొమ్మలకు వాడిన సామగ్రిపై సమీక్ష

మా అమ్మాయికి రాత్రిపూట చెప్పే కథలకు నేనే బొమ్మలు గీసి చిన్న పుస్తకాలుగా కుట్టడం ఆమెకు మూడో ఏడు నడుస్తున్నప్పుడు మొదలైంది. ఇప్పుడు ఆమె ఒకటో తరగతికి వచ్చింది. ఈ లోగా తిరుపతి గాంధీ రోడ్డు దుకాణాల్లో దొరికే రంగుల్లో చాలా రకాలు మా ఇంటికి చేరాయి. దుకాణదారులు చెప్పే గుణాలన్నీ పగటి వెలుతురుకు సంబంధించినవే. నిద్రపుచ్చే కథల పుస్తకాన్ని మాత్రం పసుపు వన్నె బెడ్ లైట్ కింద, పక్క మీద పడుకుని చూస్తారు. అందువల్ల ప్రతి వస్తువునూ ఆ దీపం కిందే బేరీజు వేశాను.

ఆ దీపం కింద ముందుగా ఓడిపోయేది లేత పసుపు. మా కథల్లో తరచుగా వచ్చే పాత్ర శేషాచలం కొండల్లో బండల సందుల్లో బతికే బంగారు బల్లి. పగలు పసుపుపచ్చగా మెరిసే ఆ బల్లి, రాత్రి పెద్ద లైటు ఆర్పేసరికి తెల్ల కాగితంలో కలిసిపోయేది. "బల్లి యాడికి పోయింది నాయనా?" అంటూ పాప పేజీని ముక్కుకు ఆనించుకుని వెతికేది. తెలుపుకూ పసుపుకూ ఉన్న తేడా దాదాపుగా నీలి కాంతిలోనే ఉంటుంది; తెల్ల కాగితం ఆ కాంతిని వెనక్కి పంపుతుంది, పసుపు రంగు దాన్ని మింగేస్తుంది. 2700 కెల్విన్ల బల్బు (పసుపు వన్నె వెలుగునిచ్చే రకం) వెలుగులో నీలి కాంతి అసలే తక్కువ కనుక ఆ తేడా కంటికి ఆనదు. ఇదే కారణంగా ముదురు నీలం నల్లబడుతుంది, రాత్రి ఆకాశమూ దాని కింది కొండా ఒకటే ముద్దగా కనిపిస్తాయి. ఇప్పుడు బల్లికి నారింజ కలిపిన ముదురు పసుపు వేసి చుట్టూ నల్ల గీత గీస్తున్నాను. ఆకాశానికి పలుచని నీలి పూత చాలు.

ఇక రంగుల సంగతి. ఆయిల్ పేస్టల్స్ చేతికి హాయిగా ఉంటాయి, కాగితం నిండా క్షణాల్లో పరుచుకుంటాయి, పిల్లలు కూడా వేయగలరు. గోడకు తగిలించే బొమ్మకైతే నిస్సందేహంగా వాటినే సూచిస్తాను. పుస్తకానికి మాత్రం అవి పనికిరావు, ఎందుకంటే వాటిలోని నూనె ఎన్నటికీ పూర్తిగా ఆరదు. పుస్తకం మూయగానే ఎడమ పేజీలోని చెట్టు కుడి పేజీలోని కోతి ముఖం మీద అచ్చు పడుతుంది, దుప్పటికీ అంటుతుంది. పేజీల మధ్య బటర్ పేపర్ పెట్టి చూశాను. మరక ఆగింది గానీ, ప్రతి పేజీకీ అడ్డంగా మరో కాగితం రావడంతో కథ నడక చెడింది. మైనపు క్రేయాన్లు అంత అంటవు, కానీ రంగు పాలిపోయినట్టు పడుతుంది. పైగా మా ఊరి మే నెల ఎండలో పెట్టెలోనే మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుంటాయి. పోస్టర్ కలర్ దట్టంగా పూస్తే మడత దగ్గర పెచ్చులూడుతుంది. స్కెచ్ పెన్ను రంగు పలుచని కాగితంలో వెనక్కి ఊరుతుంది, నీటి చుక్క తగిలితే చెదిరిపోతుంది.

చివరకు నిలబడినవి 12 రంగుల వాటర్ కలర్ బిళ్ళలూ, పిగ్మెంట్ ఇంకు ఉన్న సన్నమొన నల్ల పెన్నూ. పిగ్మెంట్ ఇంకు ఆరిన తరువాత నీటికి కరగదు కనుక ముందు గీత గీసి, దాని మీద నీటిరంగు పూయవచ్చు. ఆరాక పొర పలుచగా ఉండి మెరవదు కాబట్టి, దీపం పక్కనుంచి పడినా బొమ్మ మీద తెల్లని నిగారింపు అడ్డురాదు.

ఈ పద్ధతికి మూలం నాకు మన శ్రీకాళహస్తి కలంకారీలోనే కనిపించింది. అక్కడ బట్టను కరక్కాయ రసం, పాలు కలిపిన ద్రావణంలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల కలంతో వేసిన గీత పక్కలకు పాకదు. బెల్లం నీళ్ళలో ఇనుప ముక్కలు ఊరవేసి తీసిన ద్రవం, బట్టకు పట్టిన కరక్కాయ రసంతో కలిసి నల్లని గీతగా మారుతుంది. కథల తెరల్లో ఎంత దూరం నుంచి చూసినా బొమ్మ ఆనవాలు తెలిసేది ఆ గీత వల్లనే. బొమ్మల వరుసల మధ్య సన్నని పట్టీలో తెలుగు అక్షరాలు రాసే వారి ఏర్పాటునూ నేను తీసుకున్నాను. అయితే ఒత్తులకు చోటు కావాలి గనుక, పట్టీని అనుకున్నదానికన్నా కొంచెం వెడల్పుగానే వదలాలి.

గీత పాకకుండా చూసే పని కాగితంలో గంజి వంటి పూతలు చేస్తాయి. జెరాక్స్ కాగితం 70, 80 జీఎస్ఎం (ఒక చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మాత్రమే ఉంటుంది. తడి తగలగానే ముడతలు పడుతుంది. నీటిరంగుల కోసమే చేసే 300 జీఎస్ఎం కాగితం బొమ్మకు అద్భుతం, మడతకు మాత్రం మొండి. మధ్యలో ఉండే 130 నుంచి 150 జీఎస్ఎం కార్ట్రిడ్జ్ కాగితమే (బొమ్మలు గీసుకునే మందపాటి కాగితం) నా ఎంపిక. ఏ4 కాగితాలు రెండు మధ్యకు మడిచి ఒకదానిలో ఒకటి దూర్చితే 8 పేజీలొస్తాయి, నిద్రకు ముందు కథకు అంతకన్నా అక్కరలేదు. అడగగానే బొమ్మ తయారుచేసి ఇచ్చే ఫోను సాధనాలూ వాడి చూశాను. బొమ్మలు ముచ్చటగానే వచ్చాయి, కానీ పేజీ మారితే బల్లి ముఖం మారిపోయేది. పాప కథ వదిలి తెరను వేలితో జరపసాగింది. ఆ వరుస అంతటితో ఆపేశాను.

కుట్టు విషయంలో ఒక్క జాగ్రత్త అవసరం. స్టేప్లర్ పిన్ను పని సులువు చేస్తుంది గానీ, పక్కలో దొర్లే పుస్తకానికి అది తగదు. కొస లేచి పిల్ల వేలికి గుచ్చుకుంటుంది. మడత వెంట మూడు చిల్లులు పొడిచి, మధ్య చిల్లు నుంచి దారం ఎక్కించి, పైదీ కిందిదీ చుట్టి మళ్ళీ మధ్యకే తెచ్చి ముడి వేయాలి. మామూలు కుట్టు దారం కాగితాన్ని కోస్తుంది, కాబట్టి నాలుగు పేటలుగా పేని వాడటం మంచిది.