ఉప్పుగాలి తిన్న రిసీవర్‌తో ఆరేళ్లు

మా చిన్నాన్న ఓడ ఉద్యోగం చేసే రోజుల్లో, అంటే 1980ల్లో, సింగపూర్‌లో కొని తెచ్చుకున్న జపాన్ రిసీవర్ ఇది. రేడియో, యాంప్లిఫయర్ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న పెదవాల్తేరులో మా ఇంటి మేడ మీదికి దాన్ని ఎక్కించేసరికి నాకు నడుం పట్టేసింది. ఆరేళ్లుగా రోజూ వాడుతున్నాను.

వచ్చిన వారానికే ఎడమ స్పీకర్ మూగబోయింది. వాల్యూమ్ బాగా పెంచితే టప్పున పాట వచ్చేది, తగ్గిస్తే కాసేపటికి మళ్లీ పోయేది. షాపుకు మోసుకెళ్తే మూత కూడా తియ్యకుండా "ఐసీ పోయింది సార్, ఇప్పుడు దొరకదు" అన్నాడు. ఇంటికొచ్చి విప్పి చూస్తే అందులో స్పీకర్లను నడిపే అవుట్‌పుట్ ఐసీ (చిప్) అనేదే లేదు, ఆ పనికి నాలుగు పవర్ ట్రాన్సిస్టర్లున్నాయి! పైగా హెడ్‌ఫోన్ పెడితే రెండు వైపులా శుభ్రంగా వినిపిస్తోంది. ఈ సెట్లో హెడ్‌ఫోన్ వైరు స్పీకర్ రిలేకి (సెట్ ఆన్ చేసిన కొన్ని సెకన్లకు తనంతట తనే స్పీకర్లను కలిపే స్విచ్) ముందే విడిపోతుంది. అంటే తేడా ఏదో రిలే దగ్గరే ఉండాలి.

విప్పేటప్పుడు ఓ తప్పు చేశాను. ప్లగ్ పీకిన అయిదు నిమిషాలకే లోపల చెయ్యి పెట్టబోయి, ఎందుకైనా మంచిదని మీటర్ పెట్టి చూస్తే కరెంటు దాచుకునే పెద్ద కెపాసిటర్ మీద ఇంకా 30 వోల్టులున్నాయి. 5 వాట్ల రెసిస్టర్ ఆనించి దించాను. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసేవాళ్లను చూశాను కానీ, ఆ నిప్పురవ్వలు చూస్తే నాకు టెన్షన్.

రిలే ప్లాస్టిక్ డొప్ప ఊడదీస్తే లోపలి కాంటాక్టులు నల్లగా మాడినట్టున్నాయి. మా వీధిలో కిటికీ ఊచలే రెండేళ్లకు పొరలు పొరలుగా లేస్తాయి, వీటిదేముంది. వాల్యూమ్ పెంచినప్పుడు ఎక్కువ కరెంటు ఆ నల్లపొరను చీల్చుకుని వెళ్లేది, తక్కువలో ఆగిపోయేది. విజిటింగ్ కార్డును సన్నగా కత్తిరించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి, కాంటాక్టుల మధ్య పెట్టి లాగాను. గరుకు కాగితంతో రుద్దితే పైనున్న పూత పోతుంది. ఎనిమిది నెలలు బ్రహ్మాండంగా పనిచేసింది. వానాకాలం రాగానే మళ్లీ అదే కథ. అప్పుడిక కొత్త 24 వోల్టుల రిలే కొన్నాను, నూట ఇరవై రూపాయలు. దాని కాళ్లు బోర్డు చిల్లుల్లో కూర్చోకపోతే చిన్న వైరుముక్కలతో అతికించాను. చూడ్డానికి దరిద్రంగా ఉంటుంది, అయిదేళ్లుగా కదల్లేదు.

కొత్తది వేశాక నేరుగా 230 వోల్టుల్లో పెట్టలేదు. 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బుతో సిరీస్ బోర్డు (బల్బు గుండానే సెట్‌కి కరెంటు వెళ్లేలా) కట్టి పెట్టాను. బల్బు ఒక్కసారి వెలిగి మందగించింది. అలా కాకుండా ఫుల్లుగా వెలుగుతూనే ఉంటే లోపల షార్టున్నట్టు. తర్వాత స్పీకర్లు తీసేసి టెర్మినళ్ల దగ్గర డీసీ (స్పీకర్లోకి పోకూడని నిలకడ వోల్టేజి) చూశాను: ఎడమ 12, కుడి 23 మిల్లీవోల్టులు. అంతవరకు భయం లేదు. వోల్టుల్లోకి వెళితే మాత్రం స్పీకర్ కాయిల్ కాలిపోతుంది.

వాల్యూమ్ తిప్పితే వచ్చే గరగరకు కాంటాక్ట్ క్లీనర్ చాలు. తుప్పు వదిలించే నూనె స్ప్రే కొట్టకండి, దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

వాడకం సంగతికొస్తే, ఎఫ్ఎం, పాత పాటల్లో గొంతులు హాయిగా ఉంటాయి. ఏఎం బ్యాండ్ మాత్రం ఎల్ఈడీ బల్బుల పుణ్యమా అని గోలే. ఫోన్ వైరు ఆక్స్ సాకెట్లో పెట్టుకోవాలి, రికార్డు ప్లేయర్ కోసం ఉన్న ఫోనో సాకెట్లో పెడితే శబ్దం చీలిపోతుంది. కొత్త టీవీ నుంచి వెలుగు రూపంలో వచ్చే ఆప్టికల్ సిగ్నల్‌ను మామూలు ఆడియోగా మార్చే చిన్న డబ్బా వేరే కొనుక్కోవాల్సి వచ్చింది. సోల్డరింగ్ అలవాటు లేనివాళ్లు మాత్రం ఇలాంటి సెట్ ఊరికే ఇచ్చినా తీసుకోకండి.

మొన్న పండక్కి చిన్నాన్న వచ్చి తనే స్విచ్ వేశాడు. నాలుగు సెకన్లకు రిలే పడింది. చెవి అటు తిప్పి, "ఇది టక్కుమనేది కదరా, టిక్కుమంటోందేంటి?" అన్నాడు.