చిలికాలో రెండు పడవలు: బరంపురం నుంచి ఒక్కరోజు ప్రయాణం

జనవరి రెండో ఆదివారం నాన్నని, మా అమ్మాయిని తీసుకుని ఒడిశాలోని చిలికా సరస్సుకి వెళ్లాను. నాన్న పుట్టి పెరిగింది బరంపురంలోనే. అయినా రైలు కిటికీలోంచి చూడటమే తప్ప ఎప్పుడూ ఆ నీళ్లలో పడవెక్కలేదు. డెబ్బై రెండేళ్లొచ్చాయి, మగ్గం దిగి రెండేళ్లయింది. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడని అద్దెకారు మాట్లాడాను. పొద్దున సరస్సు ఒడ్డున ఉన్న మంగళజోడి ఊళ్లో, మధ్యాహ్నం సరస్సులోని నలబన దీవి వైపు, రెండు చోట్లా పడవ ఎక్కాం. వెళ్లేవాళ్లు ఆ రెంటికీ తేడా తెలుసుకుని వెళ్తే మంచిదని రాస్తున్నాను.

తెల్లవారుజామున మూడున్నరకి బయల్దేరి ఛత్రపురం, రంభ, బాలుగావ్ దాటాం. టాంగీ దగ్గర హైవే దిగి ఊరు చేరేసరికి ఇంకా మసక చీకటే. దారంతా మంచు. డ్రైవరు తొందరపడకుండా నడిపాడు, అతనికి పూర్తి మార్కులు.

మంగళజోడిలో పక్షుల మధ్యకి తీసుకెళ్లే పడవకి మోటారు లేదు. అడుగు చదునుగా ఉన్న చిన్న నావ. వెనక నిలబడి ఒకతను గెడ వేస్తాడు, ముందు గైడు కూర్చుంటాడు. మా గైడు తండ్రి ఒకప్పుడు పక్షుల్ని పట్టి అమ్మినవాడేనట. అప్పట్లో ఈ ఊళ్లో చాలామందికి అదే జీవనం. 2000 ప్రాంతంలో ఊరివాళ్లే పక్షుల రక్షణకి సమితి పెట్టుకుని వేట మానేశారు. తండ్రి చూపు కొడుక్కి వచ్చింది. మాకు ఉత్త గడ్డి కనిపించిన చోట అతనికి పిట్ట కనిపించేది.

చలికాలం వలస వచ్చే సూదితోక బాతులు, నల్లతోక గాడ్‌విట్‌లనే పొడుగుముక్కు పిట్టలు వందల్లో ఉన్నాయి. అవి సరే. కానీ ఏడాదంతా ఇక్కడే ఉండే ఊదారంగు నీటికోడి దగ్గర అతను పావుగంట నావ ఆపాడు. నాలుగు బారల దూరం. ఆ పక్షి ఒక తుంగకాడని పీకి, కాలివేళ్లతో చేత్తో పట్టుకున్నట్టు పట్టుకుని, ఎర్రముక్కుతో తొక్క ఒలిచి, లోపలి తెల్లటి మెత్తటి భాగం తింది. తోక ఎగరేసినప్పుడల్లా కింద తెల్లగా మెరిసేది. ఎండ పడి అది పక్కకి తిరగ్గానే నాన్న నా చెయ్యి పట్టుకుని, "చూడరా, పడుగు నీలం, పేక ఊదా" అన్నాడు. నలభై ఏళ్లు పట్టు నేసిన మనిషి. ఆ ఒక్క మాటకే ఆ రోజు ఖర్చంతా నాకు గిట్టింది.

తిరుగుదారిలో బాలుగావ్‌లో రొయ్యల కూరతో భోజనం. బాగుంది, కారం కాస్త తక్కువ.

నలబన అంటే ఒడియాలో రెల్లువనం. 15.53 చదరపు కిలోమీటర్ల దీవి, వానాకాలంలో నీళ్లలో మునిగిపోయి చలికాలానికి మళ్లీ తేలుతుంది. పక్షుల అభయారణ్యం కాబట్టి దూరం నుంచే చూడాలి. తల మీద రెండు నల్ల చారలున్న పెద్దబాతులు, హిమాలయాలు దాటి వచ్చేవి, బారులుగా మేస్తున్నాయి. మేమెక్కిన ప్రైవేటు మోటారు బోటు నడిపేవాడు మాత్రం గుంపు కనపడగానే వేగం తగ్గించకుండా అటే పోనిచ్చాడు. అన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. మా అమ్మాయి మొదట చప్పట్లు కొట్టి, తాతయ్య మొహం చూసి ఆపేసింది. "తింటున్నాయే పాపం" అన్నాడు నాన్న. ఇంజను ఆపమని రెండుసార్లు చెప్పినా వినలేదు. లైఫ్ జాకెట్లు సీటు కింద మూటగట్టి ఉన్నాయి, అడిగితేనే ఇచ్చాడు. ఒడ్డుకొచ్చాక మాట్లాడుకున్నదానికంటే ఎక్కువ అడిగాడు.

దీవి చూడాలనుంటే ఎక్కకముందే రేటు, జాకెట్లు, దూరంగా ఇంజను ఆపడం మూడూ తేల్చుకోండి. ఒప్పుకోకపోతే ఇంకో బోటు చూసుకోండి. మంగళజోడికి మాత్రం సూర్యోదయానికి ముందే చేరండి. బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్లండి, ముసలివాళ్లకి చిన్న దిండు కూడా, నావలో గంటలకొద్దీ ఒకే చోట కూర్చోవాలి. ఫిబ్రవరిలో అమ్మని కూడా తీసుకెళ్తున్నాం, ఈసారి గెడ పడవకే.