ఉద్దానం గాలిలో పదకొండేళ్లు: మా 11 కేవీ ఫీడర్ బ్రేకర్‌పై సమీక్ష

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని ఒక 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో పదకొండేళ్లుగా షిఫ్ట్ ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. మా నాలుగు ఫీడర్లలో (సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరే 11 కేవీ లైన్లలో) కొబ్బరి, జీడి తోటల మీదుగా సాగే ఫీడర్‌కు అమర్చిన ఔట్‌డోర్ వీసీబీ (వాక్యూమ్ సర్క్యూట్ బ్రేకర్, లోపం రాగానే లైనుకు కరెంటు ఆపే స్విచ్) గురించి రాస్తున్నాను. కొబ్బరి మట్ట తీగలపై పడినా, గాలికి తీగలు ఒకదానికొకటి తగిలినా, మిగతా మూడు ఫీడర్లకు సెగ తగలకుండా తెరుచుకోవలసింది ఇదే.

ఇందులో నాకు పూర్తి నమ్మకం కలిగించినది వాక్యూమ్ బాటిల్, అంటే కరెంటును కలిపి విడదీసే కాంటాక్టులుండే గాలిలేని గొట్టం. కాంటాక్టులు విడిపోయే దూరం సుమారు సెంటీమీటరే అయినా, లోపల గాలి లేనందువల్ల వాటి మధ్య పుట్టిన ఆర్క్ (విద్యుత్ మెరుపు), కరెంటు సున్నాకు చేరిన క్షణంలోనే ఆరిపోతుంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటిన తరువాత, లైన్లను ముక్కలు ముక్కలుగా సరిచేసి ఛార్జ్ చేసిన రోజుల్లో దీనిని ఎన్నిసార్లు వేసి తీశామో లెక్కలేదు. బాటిల్ ఒక్కసారీ మొరాయించలేదు.

ఇబ్బంది అంతా కాంటాక్టులను కదిలించే మెకానిజం బాక్సుతోనే వచ్చింది. ఒక వానరాత్రి రిలే (లోపాన్ని పసిగట్టి బ్రేకర్‌కు ఆదేశమిచ్చే పరికరం) పనిచేసినట్టు చూపే ఫ్లాగ్ పడింది గాని బ్రేకర్ తెరుచుకోలేదు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఎల్‌వీ (లో వోల్టేజి, అంటే 11 కేవీ) బ్రేకర్ ట్రిప్ అయి నాలుగు ఫీడర్లూ చీకటయ్యాయి. బాక్సు తలుపు తీయగానే మాడిన వార్నిష్ వాసన వచ్చింది. ఉప్పుగాలికి తుప్పు పట్టి, గ్రీజు గట్టిపడి మెకానిజం మందగించడంతో, అంతకుముందు ట్రిప్‌లోనే ఆగ్జిలరీ స్విచ్ సమయానికి సరఫరా తెంచక ట్రిప్ కాయిల్ (బ్రేకర్‌ను తెరిపించే తీగచుట్ట) కాలిపోయింది. ప్యానెల్‌పై ఆ కాయిల్ సర్క్యూట్ బాగుందని చూపే ‘ట్రిప్ సర్క్యూట్ హెల్దీ’ దీపం రెండు రోజులుగా వెలగకపోయినా, బల్బు పోయిందని అనుకుని ఊరుకున్నాం. ఆ తప్పు మాదే. ఇప్పుడు డ్యూటీ ఎక్కగానే ముందు ఆ దీపం, ఆపై ట్రిప్ కాయిల్‌కు సరఫరా ఇచ్చే బ్యాటరీ వోల్టేజీ చూసి గాని రిజిస్టరులో సంతకం చేయను.

దీనికొక పరిమితి ఉంది: బ్రేకర్ తెరిచినంత మాత్రాన లైన్‌మన్‌కు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనుపై పనిచేసే అనుమతి) ఇవ్వకూడదు. ఏబీ (ఎయిర్ బ్రేక్) స్విచ్ తెరిచి, లైనును భూమికి కలిపే ఎర్త్ రాడ్లు వేయాలి.

మరొక పరిమితి మా నేలది. తెగిన తీగ ఎండిన ఇసుకపై పడితే భూమిలోకి పారే కరెంటు చాలా తక్కువగా ఉండి, ఎర్త్ ఫాల్ట్ రిలే గుర్తించకపోవచ్చు; బ్రేకర్ చక్కగా ఉన్నా తీగలో ప్రాణం ఉంటుంది. అందువల్ల తోటల నుంచి “బాబూ, తీగ పడింది” అని ఫోన్ రాగానే, ఆమ్‌మీటరు వంక చూడకుండా నేనే ట్రిప్ ఇస్తాను.