క్యాషియర్ ఉద్యోగం: గోవా క్యాసినోలో మేలా, తిరుపతి నగల షాపులో మేలా?

ఈ నెలలోనే ముగ్గురు అడిగారు. మొన్న లీలామహల్ సర్కిల్ దగ్గర టీ తాగుతుంటే మా చిన్నాన్న కొడుకు స్నేహితుడిదీ అదే ప్రశ్న. "అన్నా, బీకాం అయింది. గోవా క్యాసినోలో క్యాష్ కౌంటర్‌కు పిలిచారు. ఇక్కడ నగల షాపులోనూ రమ్మంటున్నారు. ఏది మేలు?" నేను తిరుపతిలో ఒక నగల షాపు గల్లాలో ఏడాదిన్నర కూర్చున్నాను. తర్వాత పణజిలో, మాండవి నదిలో నిలిపి ఉంచే క్యాసినో ఓడల్లో ఒకదానిలో రెండున్నరేళ్లు చేశాను. రెండుచోట్లా నోట్లు లెక్కపెట్టాను కాబట్టి చెబుతున్నాను.

జీతం సంగతి ముందే చెప్పేస్తా. నాకు గోవాలోనే చేతికి ఎక్కువ వచ్చింది. డ్యూటీలో భోజనం వాళ్లదే, ఉండటానికి గది కూడా ఇచ్చారు. రాత్రి షిఫ్టులు మాత్రం తప్పవు. ఇంటికి రావాలంటే బస్సులో హుబ్బళ్లి దాకా వచ్చి హరిప్రియ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. సంక్రాంతికో గంగమ్మ జాతరకో సెలవు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు, ఊరంతా సెలవులో ఉన్నప్పుడే క్యాసినో నిండుతుంది. తిరుపతిలో అయితే ఇంట్లో సంగటి తిని పనికి పోవచ్చు. ఇవి ఎవరికి వారు తూచుకోవాల్సినవి.

నా వరకు అసలు తేల్చాల్సింది ఒకటే. రాత్రి లెక్కలో డబ్బు తక్కువ పడితే ఏం చేస్తారు?

నగల షాపులో ఒక అక్షయ తృతీయ నాడు జరిగింది చెబుతా. గల్లా ఒకటే. నేను భోజనానికి లేస్తే సేల్స్‌లో ఉన్నతను నా సీట్లో కూర్చున్నాడు. మధ్యలో ఓనరు వాళ్ల అబ్బాయి వచ్చి "ఐదు వేలు తీసుకుంటున్నా, రాసుకో" అన్నాడు. ఒక పక్క నెలవారీ స్కీము కట్టేవాళ్లు, ఇంకో పక్క పాత బంగారం మార్పిడి బిల్లులు. ఒకే బిల్లుకు కొంత కార్డు, కొంత ఫోన్‌పే, మిగతాది నగదు. రాత్రి పదకొండుకు లెక్క చూస్తే 18,500 తక్కువ. షాపులో కెమెరా ఉంది కానీ గల్లా లోపల ఏం జరుగుతోందో దానికి కనపడదు. రిజిస్టర్లో సంతకం నాది కాబట్టి మూడు నెలల పాటు నా జీతంలో కోశారు. దొంగ అని ఎవరూ అనలేదు. కానీ ఆ రాత్రి మా అమ్మ "నువ్వు తీయలేదని నాకు తెలుసు నాయనా" అంది. ఆ మాట అమ్మ చేత అనిపించిన పరిస్థితే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

చట్టం ఇలా కోయమని చెప్పలేదు. 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే ఉండేది: నష్టం నేరుగా ఉద్యోగి నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, కోసేముందు అతని వివరణ తీసుకోవాలి. దాని స్థానంలో వచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ అదే ఉంది. నాకు అప్పుడు ఇది తెలియదు.

క్యాసినోలో క్యాషియర్ కూర్చునే గదిని కేజ్ అంటారు. షిఫ్టు మొదట్లో ఒక నిర్ణీత మొత్తానికి నగదు, చిప్స్ (ఆటలో డబ్బుకు బదులు వాడే బిళ్లలు) అప్పగిస్తారు, దాన్ని ఫ్లోట్ అంటారు. ఆటగాడు నోట్లిచ్చి చిప్స్ తీసుకుంటే గల్లాలో నగదు పెరుగుతుంది, చిప్స్ తగ్గుతాయి. చిప్స్ తెచ్చి నోట్లు తీసుకుంటే అది తిరగబడుతుంది. ఎప్పుడు ఆపి చూసినా నోట్లు, చిప్స్, రసీదులు కలిపితే లెక్క ఫ్లోట్‌కు సరిపోవాలి. అందుకే తేడా వస్తే తెలియడానికి రాత్రి దాకా ఆగక్కర్లేదు. నోట్లు కౌంటర్ మీద పరిచి, కెమెరాకు కనపడేలా లెక్కపెట్టి, మొత్తం పైకి చెప్పాలి. సీట్లోంచి లేచేముందు రెండు అరచేతులూ తిప్పి చూపించాలి. మొదటి వారం నాకు ఇది అవమానంగా అనిపించింది. ఒకరోజు నాలుగు వేలు తేడా వచ్చింది. వీడియో వెనక్కి తిప్పితే ఒక చిప్ విలువ తప్పుగా చెప్పానని అరగంటలో తేలింది. ఆరోజు నుంచి ఆ చేతులు చూపించడం నాకు రక్షణగా కనపడింది. నా సీట్లో నేను తప్ప ఎవరూ కూర్చోరు. మనిషి మారితే ఇద్దరూ కలిసి లెక్కపెట్టి, ఇద్దరూ సంతకం చేయాలి.

క్యాసినోలో ఉన్న భారమూ దాచను. నగదు అక్రమ చలామణి నిరోధక చట్టం కిందికి క్యాసినోలూ వస్తాయి. 10 లక్షలు దాటిన నగదు లావాదేవీల వివరాలు ప్రభుత్వానికి పంపాలి. గుర్తింపు కాగితాలు అడిగితే కోప్పడేవాళ్లు ఉంటారు. చిప్స్ మీద జీఎస్టీ 2023 అక్టోబరులో 28 శాతం అయింది, 2025 సెప్టెంబరులో 40 శాతానికి పెరిగింది. దాని గురించి జనం కిటికీ దగ్గరే నిలదీస్తారు. నగల షాపులోనూ నిబంధనలున్నాయి, ఒకరి దగ్గర ఒక రోజులో రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోకూడదు. కానీ అక్కడికి వచ్చినవాళ్లు పెళ్లి నగలు కొనుక్కుని సంతోషంగా వెళ్తారు. క్యాసినోలో తెల్లవారుజామున నాలుగింటికి మన తెలుగాయనే నాలుగోసారి డబ్బు తెచ్చి చిప్స్ అడిగితే, వద్దని చెప్పే హక్కు నీకు లేదు. మౌనంగా ఇవ్వాలి. ఇది భరించలేననుకుంటే జీతం ఎంతైనా వెళ్లొద్దు. "జూదం కొంపలో పనా" అని పెళ్లి సంబంధాల దగ్గర కూడా అడుగుతారు, మమ్మల్నీ అడిగారు.

సూపర్ మార్కెట్ బిల్లింగ్, పెట్రోల్ బంకు అయితే చేయి తిరగడానికి ఆరు నెలలు చాలు. కంబోడియా, థాయ్‌లాండ్ క్యాసినోల్లో క్యాషియర్ ఉద్యోగమని ఎవరైనా టూరిస్టు వీసా మీద పంపుతానంటే మాత్రం వెళ్లొద్దు. అలాంటి ఉద్యోగాల మాటలు నమ్మి వెళ్లిన మన పిల్లలను అక్కడ సైబర్ మోసాల్లోకి దించారు. కంబోడియాకు పంపిన ఏజెంట్లను 2024లో విశాఖ పోలీసులు అరెస్టు చేశారు.

ఇల్లు వదిలి రెండు మూడేళ్లు ఉండగలిగితే నేను గోవా వైపే మొగ్గుతాను. లెక్క ఎలా చూపించాలో, ఎలా అప్పగించాలో అక్కడ వచ్చిన అలవాటే ఇప్పుడు తిరుపతిలో ఒక హోటల్ అకౌంట్స్‌లో నాకు అన్నం పెడుతోంది. ఇక్కడే ఉండాలనుకుంటే, చేరేముందు షాపువాళ్లను మూడు అడుగు. నా సీట్లో ఇంకెవరైనా కూర్చుంటారా? కెమెరా గల్లా మీద ఉందా? తక్కువ పడితే ఏం చేస్తారో రాసిస్తారా? ఆ అబ్బాయికి కూడా ఇదే చెప్పాను. సోమవారం గాంధీ రోడ్డులో ఇంటర్వ్యూ ఉందట, ఆ మూడూ ఫోన్లో రాసుకుని వెళ్లాడు.