జీన్స్ అంచు: కత్తిరించి మడవడమా, పాత అంచును నిలుపుకోవడమా?

జీన్స్ పొడవు తగ్గించడానికి ఇంటి మిషన్‌పై రెండు పద్ధతులున్నాయి. కావలసిన పొడవుకు అంగుళం అదనంగా ఉంచి కత్తిరించి, అర అంగుళం చొప్పున రెండుసార్లు మడిచి కుట్టడం గట్టి పని. అయితే పక్క కుట్టు దగ్గర పొరలు దిమ్మగా పేరుకొని సూది విరిగే ప్రమాదముంది కనుక, అక్కడ సుత్తితో అణగ్గొట్టి, 16వ నంబరు సూది వేసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ దాటించాలి.

రెండో పద్ధతిలో రెండు అంగుళాలు తగ్గించాలంటే, పాత అంచును మినహాయించి అంగుళం లోతున బయటికి మడిచి, అంచును ఆనుకొని నీలి దారంతో కుట్టి, అంచును కిందికి తిప్పి మడతను లోపలికి నెట్టాలి; మడత రెండు పొరలు కనుక అంగుళం లోతుకు రెండు అంగుళాలు తగ్గుతాయి. మా అమ్మాయికి అబిడ్స్‌లో కొన్న జీన్స్‌కు నేను దీన్నే ఎంచుకున్నాను. వెలిసిన అసలు అంచు అందం చెడలేదు, లోపలి మడతను కోయలేదు కాబట్టి ఎదిగాక విప్పవచ్చు.