అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవిలో ఆరుగురికి ఏది మేలు: కారా, స్కూటీలా?

మా ఆరుగురి మధ్య మూడు వారాలు నలిగిన ప్రశ్న ఇది. ముగ్గురు కారన్నారు, ఇద్దరం స్కూటీలన్నాం, ఒకడు "మీరేటంటే అదే" అన్నాడు. చివరికి రెండూ చేసి వచ్చాం. సిక్కోలు నుంచి బయల్దేరే కుర్రాళ్లు నన్నడుగుతున్నారు కాబట్టి రాస్తున్నాను.

హేవ్‌లాక్‌కి 2018 డిసెంబరులో స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. దారులు తక్కువ, తప్పిపోయే భయం లేదు. జెట్టీ నుంచి రాధానగర్ బీచ్ దాదాపు 12 కిలోమీటర్లు, అడవిలోంచి వంపులు తిరుగుతూ వెళ్తుంది రోడ్డు. తూర్పు ఒడ్డున విజయనగర్ బీచ్ ఉంది. ఆ పేరు వినగానే మాలో విజయనగరం వాడికి ప్రాణం లేచొచ్చింది. దాన్ని దాటి వెళ్తే కాలాపత్థర్.

దిగిన రోజుకి కారే మేలు. ఓడలో వాంతులయినవాడిని, ఆరు బ్యాగులను స్కూటీల మీద మోసుకెళ్లలేం. వానొచ్చినా కారులో దిగులుండదు. కాకపోతే కారు ఎక్కాక మన కాలం డ్రైవరు చేతిలోకి వెళ్లిపోతుంది. బీచ్‌కి ఇంతసేపని ముందే మాట్లాడుకుంటారు. నీళ్లలో ఉండగానే ఆయన గట్టు మీద నిలబడి చూస్తుంటాడు. ఆయన తప్పేం లేదు, తర్వాత ఇంకో బేరం ఉంటుంది. మనకి మాత్రం మనసు సముద్రం మీద నిలవదు.

స్కూటీ అయితే ఆ తొందర లేదు. కాలాపత్థర్ దారిలో చాలా దూరం సముద్రం చేతికందేంత దగ్గరగా ఉంటుంది. మేం ఎన్నిసార్లు ఆగామో లెక్కే లేదు. కొబ్బరిబొండాం దగ్గర ఆగాం, నీడ బాగుందని ఆగాం, ఊరికే ఆగాం. పదేళ్ల స్నేహంలో అంత తీరిగ్గా మాట్లాడుకున్నది ఆ గట్టు మీదే. అందుకే నా ఓటు స్కూటీకి.

ఆరుగురికి ఆరు బళ్లు వద్దు, మూడు చాలు. అప్పుడు అద్దె, పెట్రోలు కలిపి చూసినా కారుతో పోల్చడానికి అర్థముంటుంది. లైసెన్సు ఉండి, రోజూ బండి తోలేవాళ్లు ముగ్గురు లేకపోతే మాత్రం మారుమాట లేకుండా కారే. నెమ్మదిగా నడిపేవాడు ముందుండాలి, గట్టిగా నడిపేవాడు చివర. మొదటిరోజు మేం దీన్ని తిరగేశాం. మలుపులో ఇసుక మీద జారి మావాడి మోకాలు గీరుకుపోతే, ముందు వెళ్లినవాళ్లకి చాలాసేపు తెలియనే లేదు. ఇప్పటికీ అది తల్చుకుంటే నాకు బాధే.

బండి తీసుకునేటప్పుడు నల్ల నంబరు ప్లేటు మీద పసుపు అక్షరాలున్నాయో లేదో చూడండి. సొంతంగా నడుపుకోవడానికి అద్దెకిచ్చే బళ్లకి ఉండాల్సింది అదే. గీతలన్నిటికీ ఫొటోలు తీయండి. బ్రేకులు అక్కడే నొక్కి చూడండి. మాకిచ్చిన ఒక బండికి వెనక బ్రేకు సరిగ్గా పట్టలేదు, అడిగితే మార్చి ఇచ్చారు. వెళ్లేముందు ఒక ఆదివారం శ్రీకాకుళం నుంచి కళింగపట్నం దాకా ఇద్దరేసి ఎక్కి వెళ్లి రండి. ఒడ్డుగాలిలో, రోడ్డు మీదికొచ్చిన ఇసుకలో వెనక మనిషితో బండి ఎలా ఊగుతుందో అక్కడే తెలిసిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం పొద్దు. మనకంటే ఆ దీవి దాదాపు 9 డిగ్రీలు తూర్పున ఉంది, గడియారం మాత్రం ఒక్కటే. అంటే సుమారు 36 నిమిషాల తేడా. డిసెంబరులో అయిదింటికల్లా సూర్యుడు దిగిపోతాడు. రాధానగర్‌లో సూర్యాస్తమయం చూసి అడవిదారిలో చీకట్లో స్కూటీ నడపడం నాకు నచ్చలేదు. ఆ ఒక్క సాయంత్రానికి కారు మాట్లాడుకోండి, పగలంతా స్కూటీలు ఉంచుకోండి.

నీల్ దీవి, అంటే షహీద్ ద్వీప్, సంగతి వేరు. చిన్న దీవి. లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్, సీతాపూర్ బీచ్‌లకి ఎండ లేని పూట సైకిలు చాలు. మేం అక్కడ స్కూటీలు తీసుకోలేదు, లోటనిపించలేదు.

తిరుగు ఓడ రోజు పొద్దున్నే బళ్లు అప్పగించేయండి. మేం చివరి గంట దాకా ఉంచుకుని, జెట్టీ దగ్గర "బేగి రండ్రా" అని ఒకళ్లమీద ఒకళ్లం అరుచుకుంటూ పరుగెత్తాం.