బ్యూటీ అండ్ ది బీస్ట్ కొత్త రూపంలో: చాలాకాలంగా వింటున్నాక నా మాట

ఈ పుస్తకం అచ్చులోనూ దొరుకుతుంది, కానీ నన్నడిగితే వినమనే చెబుతాను. బ్యూటీ అండ్ ది బీస్ట్‌ని ఈ కాలపు ప్రేమకథగా మార్చిన ఇంగ్లీష్ ఆడియోబుక్ ఇది. బెంగళూరు మెట్రో పర్పుల్ లైన్‌లో వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్‌కి వెళ్తూ వస్తూ మొదటి నుంచి చివరిదాకా చాలాసార్లు విన్నాను, ఇప్పటికీ ఫోన్‌లోంచి తీసేయబుద్ధి కావడం లేదు.

ఇందులో బీస్ట్ అంటే ఒక పాత హోటల్ యజమాని. అగ్నిప్రమాదంలో ముఖం కాలింది, పొగకి గొంతు కూడా పాడైంది. నాన్న చేసిన అప్పు తీర్చడానికి హీరోయిన్ అక్కడ లెక్కలు రాసే పనిలో చేరుతుంది. హీరో మాటలు చదివినతను మొదట్లో ఆ బొంగురు గొంతుతో మాట్లాడుతుంటే వినడం కష్టంగానే ఉంటుంది, కొంచెం భయం కూడా వేస్తుంది. ప్రేమ పుట్టింది కదా అని అతను ఆ గొంతుని ఎక్కడా తియ్యగా చేయలేదు, చివరిదాకా అదే గొంతు. సగం కథ దాటేసరికి అది ఎప్పుడు వినపడుతుందా అని మనమే ఎదురుచూస్తాం. అతని ముఖం మనకి కనిపించదు కాబట్టి ఆ అమ్మాయికి జరిగిందే మనకీ జరుగుతుంది, అచ్చులో చదివినప్పుడు నాకు ఇలా అనిపించలేదు.

విల్‌నవ్ అనే ఫ్రెంచ్ రచయిత్రి 1740లో పెద్దగా రాసిన కథని 1756లో బోమోంట్ బాగా కుదించింది, మనలో చాలామందికి తెలిసింది ఆ చిన్న కథే. అందులో బీస్ట్ రోజూ రాత్రి భోజనం దగ్గర పెళ్లి చేసుకుంటావా అని అడుగుతాడు, చివరికి ఆమె ఒప్పుకోగానే అందమైన రాజకుమారుడైపోతాడు. మా వదినకి ఆ ముగింపంటే ఎప్పటినుంచో కోపం, "వాడు అలాగే ఉంటే ఆ పిల్ల ఉండేదా?" అంటుంది. ఇక్కడ మచ్చలు పోవు. అతను ఒక్కసారే అడుగుతాడు, ఆమె కాదంటుంది, ఇక మళ్లీ ఆ మాట ఎత్తడు. తర్వాత ప్రోనోటు చింపేసి, నీ ఇష్టం, వెళ్లొచ్చు అంటాడు. ప్రేమ అక్కడి నుంచి మొదలవడం నాకు చాలా నచ్చింది, ఎందుకంటే బాకీ ఉన్న మనిషి సరే అంటే అది ఇష్టమో భయమో ఎవరికి తెలుసు?

అక్కల్ని కూడా మనుషుల్లా రాశారు. బోమోంట్ కథలో వాళ్లు కళ్లకి ఉల్లిపాయ రుద్దుకుని దొంగ ఏడుపు ఏడుస్తారు, ఇక్కడ మాత్రం వారం కోసం ఇంటికొచ్చిన చెల్లెల్ని అక్క కాన్పు ఆపేస్తుంది, ఆ అధ్యాయం విన్నప్పుడల్లా గొంతు పట్టేస్తుంది. హోటల్ కొనేయాలని చూసే వ్యాపారి పాత్ర మాత్రం దండగ.

స్పీడ్ పెంచకండి. 1.25లో పెడితే వాళ్లిద్దరూ మాట్లాడకుండా ఊరుకునే క్షణాలన్నీ పోతాయి. ఎంజీ రోడ్ దాటి రైలు కిందకి దిగాక ఆ హోరులో గుసగుసలు వినపడవు, నెట్ కూడా ఆగుతుంటుంది, అందుకే ముందే డౌన్‌లోడ్ చేసుకుని చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను.

చివర్లో అయిదేళ్ల తర్వాత అంటూ పిల్లలు, పుట్టినరోజు కేకులతో ఒక అధ్యాయం ఉంది. నేనది వదిలేస్తాను, మా వదినకేమో అదే ఇష్టం.